చుక్కలున్న చేతి టీ

సబోహత్ కనుబొమలు మళ్ళీ ఎర్రబడ్డాయి. మూడేళ్ళ కిందట నిగనిగలాడుతూ నల్లగా కుదిరిన రంగు ఎండకీ సబ్బుకీ వెలిసి వెలిసి ఇటికరాయి రంగుకి తిరిగింది. "ఇంట్లో ఆడపిల్ల పెళ్ళి పెట్టుకుని ఈ మొహంతో వియ్యాలవారి ముందుకి ఎలా పోనే?" అని వారం రోజులుగా కోడలి ప్రాణం తీస్తోంది. అందుకని ఆ ఆదివారం పొద్దున మునీసా వాకిలి ఊడ్చి, ఇంటి ముందు వీధి ఊడ్చి, తందూరులో రొట్టెలు కాల్చింది. మావగారితో మొదలుపెట్టి ఆడపడుచుదాకా వరసగా అందరికీ టీ పోసిచ్చింది. తన వంతు వచ్చేసరికి చల్లారిపోయిన అడుగు టీని ఎప్పటిలాగే రెండు గుక్కల్లో మింగి, సూదుల పెట్టె తెచ్చుకుని అత్తగారి తల దగ్గర పీట వేసుకు కూర్చుంది.

సమర్‌ఖండ్‌లో పెద్దబజారు పక్క సందులో ఉన్న బ్యూటీ పార్లర్లో మునీసా ఉద్యోగం. కనుబొమలకీ, పెదవులకీ, కనురెప్పల అంచులకీ చిన్న సూదిమిషనుతో రంగు ఎక్కించడం ఆమె పని. దాన్ని అక్కడ అందరూ తతువాజ్ అంటారు. పేరు ఎంత నాజూగ్గా ఉన్నా జరిగేది ఒకటే, సూది చర్మంలోకి దిగుతుంది, రంగు లోపల ఉండిపోతుంది. వారమంతా జీతానికి చేస్తుంది, ఆదివారం చుట్టాలకి చేస్తుంది. అత్తగారి అక్కచెల్లెళ్ళు, వాళ్ళ కోడళ్ళు, ఆ కోడళ్ళ పుట్టింటివాళ్ళు, ఎదురింటావిడ, ఎదురింటావిడ తోటికోడలు, అందరి మొహాల మీదా మునీసా చేతిపని ఉంది. "మనవాళ్ళ దగ్గర డబ్బులు తీసుకుంటామా?" అంటుంది సబోహత్. మనవాళ్ళు అనే మాటకి ఆ ఇంట్లో ఊరికే చేయించుకునేవాళ్ళని అర్థం. మెడ పట్టేసిందని ఎప్పుడైనా అంటే, "చేతిలో విద్య ఉంది, చేస్తే అరిగిపోతుందా?" అంటాడు మొగుడు ఫర్రుఖ్. అరిగిపోతుంది. కళ్ళూ అరుగుతాయి, నడుమూ అరుగుతుంది. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా ఆ జవాబు మునీసా నోటిదాకా వచ్చి వెనక్కి పోతూనే ఉంది.

"కదలకండి అత్తయ్యా."

"నేనెక్కడ కదిలానే? నోరు కదిలింది."

"నోరు కదిలితే నొసలూ కదులుతుంది."

"కదలని నోరు ఎవరికుందమ్మా, నీకు తప్ప," అని నవ్వింది సబోహత్, వరండాలో మంచం మీద వెల్లకిలా పడుకుని.

నవ్వు ఆగేదాకా సూది ఎత్తి పట్టుకుని, మళ్ళీ దించింది మునీసా. కుడి కనుబొమ తోకదాకా వచ్చింది. అప్పుడు కళ్ళు మూసుకునే, ఉప్పు అందుకో అన్నంత మామూలుగా అంది సబోహత్. "మధ్యాహ్నం ఫర్రుఖ్ నిన్ను లేజరు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తాడు. వాడు మాట్లాడి పెట్టాడు. పెళ్ళిలోపల ఆ చెయ్యి శుభ్రం చేయించుకొచ్చెయ్యి."

మిషను తిరుగుతూనే ఉంది. సూది అత్తగారి చర్మంలోనే ఉంది. శుభ్రమట. పిండి కలిపే ముందు కడిగే చెయ్యి, కలిపాక కడిగే చెయ్యి, ఇంటిల్లిపాది కంచాలూ కడిగే చెయ్యి, సూది పట్టే ముందు మోచేతిదాకా సబ్బు రుద్దుకునే చెయ్యి. ఈ ఇంట్లో దానికంటే శుభ్రమైన చెయ్యి ఎవరికుంది? దాన్ని తీసుకెళ్ళి ఎవరికో చూపించి శుభ్రం చేయించుకు రావాలట. మునీసాకి ఒళ్ళు మండిపోయింది. కానీ మండినప్పుడు చెయ్యి వణక్కుండా ఉంచడం ఆమెకి వృత్తిలో అబ్బిన గుణం. తోక చివర సన్నగా దించి, దూదితో అద్ది, చూసుకుంది.

ఆ చేతి మీద ఉన్నవి మూడు చుక్కలు. కుడి చేతి బొటనవేలి మొదట్లో, మూడు నువ్వుగింజలంత నీలం చుక్కలు, పక్కపక్కన. ఇప్పుడు గ్లౌజు కింద ఉన్నాయి. పార్లర్లో ఈ మధ్య చదువుకునే అమ్మాయిలు వచ్చి చెవి వెనక చంద్రవంకా, మణికట్టు మీద వాన కోయిలా వేయమని అడుగుతున్నారు. వాళ్ళు వీటిని చూసి, "అక్కా, భలే ఉన్నాయి, ఇది కొత్త ఫ్యాషనా?" అంటారు. "చాలా పాతదమ్మా," అంటుంది మునీసా.

"అత్తయ్యా, ఇప్పుడు మీకు నేను చేస్తున్నదేమిటి?"

"తతువాజ్."

"నా చేతి మీదున్నది?"

"పచ్చబొట్టు. దేవుడిచ్చిన ఒంటిని మార్చడం పాపం."

"ఇదీ సూదే, అదీ సూదే. రంగు కూడా ఒకే రకం."

"నీకన్నీ వితండవాదాలే. తతువాజ్ అందం కోసం. మొగుడి కళ్ళకి ఇంపుగా ఉండడం ఆడదాని ధర్మం, అందులో తప్పేముంది? నీ పచ్చబొట్టు ఎవరికోసమే? మొగుడడిగాడా, నేనడిగానా? ఎవరూ అడక్కుండా నీ అంతట నువ్వు పొడిచేసుకున్నావు. అదే పాపం."

అత్త పగలగొడితే అడుగోటి కుండ, కోడలు పగలగొడితే కొత్త కుండ. ఆ సామెత తెలియని కోడలు ఈ భూమ్మీద ఎక్కడా ఉండదు. కానీ సబోహత్ నోట ఈసారి సామెతని మించిన నిజం వచ్చేసింది, ఆమెకి తెలియకుండానే. ఒకరికోసం పొడిపించుకుంటే ధర్మం, తనకోసం పొడుచుకుంటే పాపం. మునీసా ఆ మాటని రెండుసార్లు లోపల తిప్పుకుంది.

ఈ గొడవంతా మొదలైంది షహ్లో నిశ్చితార్థం నాడు. షహ్లో అంటే ఆడపడుచు. రొట్టె విరిచి మాట ఇచ్చిపుచ్చుకునే ఆ రోజు మగపెళ్ళివారికి టీ పోసే పని కోడలిదే కదా. వియ్యపురాలు మక్సూదా మొన్ననే మక్కా వెళ్ళొచ్చిన మనిషి, తెల్లటి తలగుడ్డలో ఠీవిగా కూర్చుంది. మునీసా ఎడమచేతిని గుండె మీద పెట్టుకుని, వంగి, కుడిచేత్తో పియాలా అందించింది. మక్సూదా అందుకుంది, ఆ చేతిని చూసింది, పియాలాని పెదవులదాకా కూడా తీసుకెళ్ళకుండా నేల మీద పరిచిన బట్ట మీద పెట్టేసి, "నాకు కాసిని మంచినీళ్ళు ఇప్పించండి," అంది. నలభై మంది ఆడవాళ్ళు చూశారు. ఆ టీ అక్కడే తెట్టు కట్టి చల్లారింది. రెండు రోజులు పోయాక ఫోన్ చేసి, "మీ అమ్మాయి బంగారం, దానికేం వంక లేదు. కానీ మీ ఇంట్లో పిండి కలిపేది ఆ చేతులతోనేనా?" అని అడిగిందట. అప్పటినుంచి సబోహత్‌కి నిద్ర లేదు. కూతురి సంబంధం కోడలి బొటనవేలి మీద ఆగిపోయినట్టు నడుచుకుంటోంది.

మునీసాకి ఆ రోజు కోపం కంటే ముందు నవ్వొచ్చింది. ఎందుకంటే మక్సూదా కనుబొమలు కూడా తతువాజే. పైగా ఎవరో చేతకానివాళ్ళు చేశారు, ఒకటి పైకి పోయింది. నవ్వు తర్వాత కోపం వచ్చింది, అది ఇప్పటిదాకా పోలేదు. కోపం తన కోసం మాత్రమే కాదు, బీబీ కోసం.

బీబీ మునీసాకి అమ్మమ్మ. తల్లి చిన్నప్పుడే పోతే ఊళ్ళో పెంచి పెద్ద చేసింది. ఆమె కుడిచేతి మీద, సరిగ్గా అక్కడే, మూడు చుక్కలు ఉండేవి. రాత్రిళ్ళు కథ చెబుతుంటే మునీసా ఆ చుక్కల మీద వేలు పెట్టుకుని పడుకునేది. "ఇవి ఎవరు పెట్టారు బీబీ?" అంటే ఒక్కోసారి ఒక్కో జవాబు చెప్పేది. పెద్దయ్యాక అసలు సంగతి చెప్పింది. పన్నెండో ఏట పెళ్ళి కుదిరితే మగపెళ్ళివాళ్ళ ఆడవాళ్ళు వచ్చారు. గోరింటాకు పెడతారనుకుని బీబీ మురిసిపోతూ చెయ్యి చాచింది. నలుగురు పట్టుకుని, ఒకావిడ సూదితో పొడిచి, పుండులో దీపం మసి రుద్దింది. అరిస్తే నోట్లో రొట్టెముక్క కుక్కారు. "చుక్కల్లేని చేత్తో పోసిన టీ మా ఇంట్లో ఎవరు తాగుతారు?" అందట కాబోయే అత్త. ఆ కాలంలో ఆ ఇళ్ళలో అది మర్యాద.

ఆ తర్వాత కాలం మారింది. బీబీ సమష్టి పొలంలో పత్తి ఏరడంలో అందరికంటే ముందుండేది. పట్నం నుంచి ఫొటో తీసేవాణ్ణి పిలిపించి, చేతినిండా పత్తితో ఆమె ఫొటో తీయించి, ఆఫీసు ముందు బోర్డుకి తగిలించారు. ఆ ఫొటోలో బీబీ చెయ్యి పాలలో కడిగినట్టు తెల్లగా ఉంటుంది, మచ్చ లేదు. పాతకాలపు అనాగరికం జనానికి కనపడకూడదని చుక్కల్ని బ్రష్షుతో చెరిపేశారు. ఆ ఫొటోని బీబీ పెట్టెలో అడుగున దాచుకుంది. "చూడవే, నా మొహం నాదే, ఆ చెయ్యి మాత్రం ఎవరిదో," అని నవ్వేది.

ఆమె పోయిన రోజు శవాన్ని కడగడానికి వచ్చిన ఇద్దరిలో ఒకావిడ ఆ చెయ్యి చూసి మొహం చిట్లించింది. వాకిట్లో పడున్న సున్నపురాయి ముక్క తెమ్మంది. ఈ పాపంతో మట్టిలోకి పంపకూడదంటూ రుద్దింది. నీళ్ళు అందించడానికి తెర లోపల నిలబడింది మునీసానే. ప్రాణం లేని చర్మం కాగితంలా లేచి వచ్చింది. "వదిలెయ్యండి, నొప్పెడుతుంది," అని అరిచింది మునీసా. చచ్చినవాళ్ళకి నొప్పేమిటే, పిచ్చిదానా, అని మేనత్త నోరు నొక్కి బయటికి లాక్కుపోయింది. డెబ్భై ఏళ్ళు ఆ ఊరి పత్తి ఏరిన చెయ్యి, ముగ్గురు బిడ్డల్నీ ఒక మనవరాలినీ సాకిన చెయ్యి, తోలు లేచిపోయి మట్టిలోకి వెళ్ళింది. ఎక్కించేటప్పుడూ బీబీని అడగలేదు, ఫొటోలో చెరిపేటప్పుడూ అడగలేదు, ఆఖరికి రుద్ది తీసేటప్పుడు అడగడానికి ఆమే లేదు. నలభయ్యో రోజు తంతు అయ్యాక, పట్నం తిరిగొచ్చి, పార్లరు తలుపులు లోపల వేసుకుని, మునీసా తన సూదితో తన చేతి మీద మూడు చుక్కలు పెట్టుకుంది. ఏడవలేదు. పార్లరుకొచ్చే అమ్మాయిలు అడిగే వాన కోయిల కంటే అది తేలికైన పని. కానీ ఆ వంశంలో ఒక ఆడది తనంతట తాను పెట్టుకున్న మొదటి చుక్కలు అవే.

ఆ ఇంట్లో పాపాలు మగవాళ్ళ ఒంటి మీద లేవా అంటే ఉన్నాయి. మావగారు తోహిర్‌కి ముంజేతి నిండా ఒక యుద్ధట్యాంకు. కుర్రతనంలో సోవియట్ సైన్యంలో ఉన్నప్పుడు పొడిపించుకున్నాడు. పండగొస్తే చొక్కా చెయ్యి మడిచి దాని కథ చెబుతాడు, సబోహత్ పక్కన కూర్చుని ముసిముసిగా నవ్వుతుంది. అది జ్ఞాపకం కాబట్టి పాపం కాదు.

ఫర్రుఖ్ సంగతి వేరు. పెళ్ళయిన కొత్తలో రష్యాకి భవనాల పనికి వెళ్ళాడు. రెండేళ్ళ తర్వాత వచ్చిన రాత్రి చొక్కా విప్పితే ఛాతీ మీద, ఎడమవైపు, వంకర టింకర అక్షరాలతో లేనా అని ఒక ఆడపిల్ల పేరు ఉంది. తోటిపనివాడెవడో బాల్‌పెన్ను సిరాతో పొడిచాడు. అతను వెళ్ళేనాటికి కడుపులో ఉన్న కూతురికి అప్పటికి నడక వచ్చింది, ఆ పిల్ల నాన్న ఛాతీ మీద రాత చూసి వేలుపెట్టి, "ఇదేంటి?" అంది. తెల్లారాక సబోహత్ కోడల్ని వంటింట్లోకి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, మెల్లగా చెప్పింది. "మగాడు పరాయి దేశంలో ఒంటరిగా ఉన్నాడు, ఏదో జరిగింది. అల్లరి చేస్తే పోయేది నీ పరువే. చేతిలో విద్య ఉందిగా, దాని మీద ఏదైనా దిద్దెయ్యి." మునీసా దిద్దింది. మొగుడి ఛాతీ మీద ఇంకొక ఆడదాని పేరుని తన సూదితో, తన రంగుతో, ఆదివారం పూట, ఊరికే, గద్దగా మార్చింది. ఆ అక్షరాలు పూర్తిగా మునిగిపోవడానికి రెక్కల్ని చాలా నల్లగా నింపాల్సి వచ్చింది. "మెల్లగా, నొప్పెడుతోంది," అని విసుక్కున్నాడు ఫర్రుఖ్. ఇప్పుడు హమామ్‌కి, అంటే మగవాళ్ళంతా కలిసి స్నానం చేసే చోటికి, వెళ్ళి ఆ గద్దని స్నేహితులకి చూపించి వస్తాడు. గద్ద మగతనమట.

ఇవన్నీ లోపల తిరుగుతుండగానే కుడి కనుబొమ పూర్తయింది. మునీసా అద్దం అందించింది. సబోహత్ లేచి కూర్చుని, మొహం అటూ ఇటూ తిప్పి చూసుకుంది. కుడిపక్క ముప్ఫై ఏళ్ళ ఆడది, ఎడమపక్క ఇటికరాయి.

"నీ చేతిలో ఏదో ఉందే," అంది మురిసిపోతూ. "ఎడమది కూడా ఇలాగే దించు. ఆఁ, మర్చిపోయాను. మక్సూదా వదిన ఫోన్ చేసింది. ఆవిడ కనుబొమల్లో ఒకటి పైకి పోయిందట, పెళ్ళిలోపల సరిచేయించుకోవాలట. మీ కోడలి పనితనం చాలా బాగుంటుందటగా, వచ్చే ఆదివారం వస్తాను అంది. సరేనన్నాను. ఇంక మనవాళ్ళే కదా."

మునీసా చేతిలో కొత్త సూది ఉంది, ఇంకా కాగితం విప్పలేదు.

"ఆవిడ నా చేతి టీ తాగలేదు కదా అత్తయ్యా."

"టీ వేరు, ఇది వేరు. సూది పట్టుకున్నప్పుడు గ్లౌజులు ఉంటాయిగా. కనపడవు."

వీధిలో పాలవాడు కేకేసి వెళ్ళాడు. కనపడకపోతే చాలు. చెయ్యి చెయ్యాల్సిన పని చేస్తే చాలు, అది ఎవరి చెయ్యో కనపడకూడదు. బీబీ ఫొటో గుర్తొచ్చింది. ఆమె కొత్త సూదిని కాగితంతో సహా పెట్టెలో పెట్టేసింది. మిషను తీగ ఊడదీసి చుట్టింది. కుడిచేతి గ్లౌజు వేళ్ళ కొసలు పట్టి లాగి తీసేసింది.

"అదేంటి, తీసేశావేం? ఎడమది?"

"ఎడమది చెయ్యను అత్తయ్యా."

"చెయ్యవా? అంటే?"

"పాపమన్నారుగా. ఒకటి తెలియక చేశాను. తెలిశాక రెండోది ఎలా చెయ్యను?"

సబోహత్ ముందు హాస్యమనుకుని నవ్వబోయింది. కోడలు పెట్టె మూత వేసి కొక్కెం బిగించడం చూసి నవ్వు ఆపేసింది. సరిగ్గా అప్పుడే ఫర్రుఖ్ కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ వరండాలోకి వచ్చాడు. తల్లి మొహం చూసి ఆగిపోయాడు.

"ఏంటమ్మా, ఇదేం అవతారం?"

"నన్నడుగుతావేంరా, నీ పెళ్ళాన్ని అడుగు. చెయ్యదట."

"వచ్చాక చేస్తుందిలే. మునీసా, పద, డాక్టరమ్మ ఎదురుచూస్తోంది."

"నేను రానండి."

"రాననడమేంటి? మాట్లాడి పెట్టాను."

"నాతో మాట్లాడలేదుగా."

ఫర్రుఖ్ తాళాలు తిప్పడం ఆపాడు. "చూడు, షహ్లో పెళ్ళి చెడిపోతే నీదే బాధ్యత. రేపు మన కూతుర్ని ఎవరు చేసుకుంటారు? వేలెడు చోటు కోసం ఇంత పట్టుదల ఏంటి నీకు? ఈ ఇంట్లో ఉండాలంటే ఆ చుక్కలు పోవాలి. అంతే."

"సరే, వస్తాను," అంది మునీసా. "ముందు మీరు కూర్చోండి. పాపం అందరికీ ఒకటేగా. గద్దని తీయించుకోండి, మీ తర్వాత నేను కూర్చుంటాను."

"గద్ద జోలికి ఎందుకు పోతావ్?"

"ఒక్క సంగతి ముందే చెబుతాను, నా పని కాబట్టి నాకు తెలుసు. లేజరు పెడితే పైన నేను వేసిన రంగు ముందు పలచబడుతుంది. కింద ఉన్నది మొండి సిరా, అది ఆఖర్న పోతుంది. ఈలోపు పెళ్ళి వస్తుంది. పెళ్ళికి ముందు రోజు వియ్యాలవారి మగవాళ్ళంతా మీతో కలిసి హమామ్‌కి వస్తారుగా. చదువుకున్నవాళ్ళు, చదువుతారు."

ఫర్రుఖ్ చెయ్యి దానంతటది చొక్కా బొత్తాల మీదికి పోయింది. వాకిట్లో పంజరంలో పిట్టకి గింజలు వేస్తున్న తోహిర్ ఇటు తిరిగి, "ఏం చదువుతారు?" అన్నాడు.

సబోహత్ గొంతు తగ్గించింది. "ఆ మాట ఎత్తకే. నీకెందుకే ఇంత మొండితనం? నీ మంచికే చెబుతున్నాను. రేపు నువ్వు పోతే నీ శవాన్ని ఎవరు కడుగుతారే? మీ బీబీకి పట్టిన గతే నీకూ పట్టాలా?"

తొమ్మిదేళ్ళలో ఎన్నో మాటలు పడింది మునీసా. వంటకి పడింది, పుట్టింటికి పడింది, కొడుకు పుట్టనందుకు పడింది. వాటన్నిటికీ తల వంచింది. ఈ మాటకి మాత్రం తల వంగలేదు. గ్లౌజు లేని చేతిని అత్తగారి మొహం ముందు పెట్టింది, చుక్కలు బాగా కనపడేలా.

"మీ కనుబొమలు కడిగినవాళ్ళే నా చెయ్యీ కడుగుతారు అత్తయ్యా. వాళ్ళు రాయి తెస్తే ముందు మీ మొహానికే తేవాలి, పెద్దవారు కదా."

సబోహత్ చెయ్యి ఎత్తి కుడి కనుబొమని తడుముకోబోయి, పచ్చిగా ఉందని గుర్తొచ్చి ఆపుకుంది.

"మా బీబీని ఎవరూ అడగలేదు," అంది మునీసా. "పొడిచేటప్పుడు అడగలేదు, చెరిపేటప్పుడు అడగలేదు. మీరూ అడగలేదు, కారు తెచ్చేశారు. అడిగి ఉంటే ఇదే చెప్పేదాన్ని. తియ్యను. మక్సూదా గారొస్తే టీ పోస్తాను, ఈ చేత్తోనే. తాగితే ఆ తర్వాత కనుబొమల సంగతి చూస్తాను. పార్లరుకి రమ్మనండి, అక్కడ అందరితో పాటు వరసలో కూర్చుంటే చేస్తాను. ఇంట్లో ఇంక ఎవరికీ చెయ్యను."

పెట్టె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. వెనకాల ఫర్రుఖ్ ఏదో అనబోతే, "నువ్వు నోరు మూసుకో," అని సబోహత్ అనడం వినపడింది. చాలాసేపటికి కారు చప్పుడయింది, మునీసా లేకుండానే ఎటో వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం సబోహత్ చాలా ఆలోచించి ఉంటుంది. ఇంకో పార్లరుకి వెళ్దామంటే, "ఇంట్లోనే మాంచి పనిమంతురాలిని పెట్టుకుని ఇక్కడికొచ్చారేం?" అని అడుగుతారు, సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. చివరికి పెరట్లో ఉస్మా ఆకు కోసుకొచ్చింది. పాతకాలపు ఆడవాళ్ళు దాని రసంతోనే కనుబొమలు దిద్దుకునేవాళ్ళు, రెండు రోజులు ఉండి పోతుంది. నలిపి రసం తీసిపెట్టమని కోడల్ని కేకెయ్యబోయి మధ్యలో ఆగింది. తనే చేతిలో వేసుకుని నలుపుకుని, అగ్గిపుల్లకి దూది చుట్టి, ఎడమ కనుబొమకి రాసుకుంది. అలవాటు తప్పిన చెయ్యి, కొంచెం కిందికి జారింది. షహ్లో నవ్వబోయి, అమ్మ చూపు చూసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పొద్దు వాలుతుండగా ఎప్పటిలాగే వరండాలో బట్ట పరిచి, రొట్టెలు, ద్రాక్షలు పెట్టి, మునీసా టీకుండ తెచ్చింది. పద్ధతి ప్రకారం పియాలాలోకి పోసి మళ్ళీ కుండలోకి తిప్పింది, రంగు దిగేదాకా. అందరూ కూర్చుని ఉన్నారు. ఫర్రుఖ్ ఫోను చూస్తున్నట్టు కూర్చున్నాడు, చూడటం లేదు. మొదటి పియాలా ఎప్పుడూ పెద్దవాళ్ళకి. ఆఖరిది కోడలికి, మిగిలితే. ఎడమచెయ్యి గుండె మీద పెట్టుకుని, వంగి, ఇవాళ మావగారిని దాటుకుని, కుడిచేత్తో పియాలాని సబోహత్ ముందుకి చాచింది. మూడు చుక్కలు ఆవిరిలో తడిసి మెరిశాయి. సబోహత్ ఒక నల్ల కనుబొమా ఒక పచ్చ కనుబొమా పెట్టుకుని ఆ చేతిని చూస్తూ కూర్చుంది. చెయ్యి చాచలేదు. వద్దనీ అనలేదు.

చెయ్యి నొప్పెట్టేదాకా వంగి నిలబడింది మునీసా. తర్వాత నిటారుగా లేచింది. బట్ట అంచున తన చోట్లో, అందరితో పాటు కూర్చుంది. పియాలాని తన పెదవులకి ఆనించుకుంది.

"నాకు పొయ్యమ్మా," అన్నాడు తోహిర్, ట్యాంకు ఉన్న చెయ్యి చాచి.

"పోస్తాను మావయ్యా, ఉండండి, తాగనివ్వండి," అంది మునీసా. నాలిక చురుక్కుమంది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆమె వేడిగా తాగిన మొదటి టీ అది.